కాకినాడ సముద్రంలో గ్యాస్: లాభం ఎవరికి, ఆపే అధికారం ఎవరికి?

మీ తమ్ముడికి ఒక కాంట్రాక్టు సంస్థ ద్వారా సముద్రపు రిగ్గు మీద ఉద్యోగం వచ్చిందనీ, పంపాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జన పడుతున్నామనీ రాశారు. మీది కాకినాడ తీరం కాబట్టి ఇంకో రెండు సంగతులూ అడిగారు: ఈ చమురు, గ్యాస్ వల్ల మన ప్రాంతానికి నిజంగా ఒరిగేది ఏమిటి, ఆ సంస్థలను అదుపులో పెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. నేను చాలా ఏళ్లు రిగ్గుల మీద డ్రిల్లింగులోనూ, ఆ తర్వాత భద్రతా విభాగంలోనూ పనిచేశాను. పడమటి తీరమూ తూర్పు తీరమూ రెండూ తెలుసు. మీ మూడు ప్రశ్నలనూ విడదీయకుండా జవాబు చెబుతాను. ఏ సముద్రపు తవ్వకం గురించి ఆలోచించినా నేను ముందుగా చూసేది ఒకటే: పని ఆపమనే అధికారం ఎవరికి ఉంది, పని ఆగితే నష్టపోయేది ఎవరు? ఈ ఇద్దరూ ఒకరే అయిన చోట నాకు నమ్మకం కుదరదు.

ముందు డబ్బు సంగతి. దేశానికి లాభం ఉందా అంటే నిస్సందేహంగా ఉంది. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచే వస్తోంది, సహజవాయువులో దాదాపు సగం దిగుమతే. 1974లో బాంబే హైలో చమురు కనుగొని, 1976లో ఉత్పత్తి మొదలుపెట్టకపోయి ఉంటే ఆ తర్వాతి చమురు సంక్షోభాల్లో మన విదేశీ మారక నిల్వల గతి ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. మన తీరానికి వస్తే, సురసాని యానాం దగ్గరి రవ్వ క్షేత్రంలో 1993 నుంచి ఉత్పత్తి జరుగుతోంది. 2002లో రిలయన్స్ కృష్ణా-గోదావరి (కేజీ) సముద్ర ప్రాంతంలోని డీ6 బ్లాకులో గ్యాస్ కనుగొంది. 2009 ఏప్రిల్‌లో అది గాడిమొగ టెర్మినల్‌కు చేరింది. 2024 నాటికి ఆ బ్లాకులోని కొత్త క్షేత్రాలు దేశీయ గ్యాస్ ఉత్పత్తిలో సుమారు 30 శాతం ఇచ్చాయి. 2024 జనవరి 7న ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ కూడా అదే కేజీ ప్రాంతంలోని 98/2 బ్లాకు నుంచి తొలి చమురు తీసింది, అనుకున్న గడువుకు రెండేళ్లు దాటాక.

అయితే నేల కింద ఎంత ఉందన్న అంచనాను ఆదాయంగా లెక్కవేసుకోకూడదు. మన రాష్ట్రం ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. డీ6 ఉత్పత్తి 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. 8 కోట్లకు చేరుతుందని ప్రణాళిక. 2013 నాటికి కోటిన్నర లోపుకు పడిపోయింది. బావుల్లోకి నీరు, ఇసుక చేరాయి, పీడనం తగ్గింది. ఆ గ్యాస్‌ను నమ్ముకుని గోదావరి, కృష్ణా జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలకు 2013 మార్చి నుంచి డీ6 కేటాయింపు సున్నా అయింది. వేల కోట్ల బ్యాంకు అప్పులతో లేచిన టర్బైన్లు కదలకుండా ఉండిపోయాయి. మొదటి పెద్ద క్షేత్రాలైన డీ1, డీ3 చివరకు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా మూతపడ్డాయి. అదే కేజీ సముద్రంలోని దీన్‌దయాళ్ బ్లాకు కథ ఇంకా చేదు. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ అక్కడ 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉందని ప్రకటించింది. అందులో 80 శాతం వాటాను 2017లో ఓఎన్‌జీసీ రూ.7,700 కోట్లకు పైగా పెట్టి కొన్నది. ప్రకటించిన స్థాయిలో గ్యాస్ మాత్రం రాలేదు. మీ ఊళ్లో ఎవరైనా "కొత్త బావి పడిందట, ఇక మన భూముల ధరలు పెరుగుతాయి" అంటే ఈ రెండు పేర్లూ గుర్తు చేయండి.

ఇక మన వాటా. ఇక్కడే చాలామంది పొరబడతారు. కోనసీమలో పొలంలో పడిన బావి నుంచి చమురు వస్తే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. అదే బావి సముద్రంలో పడితే రాదు. రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం ప్రాదేశిక జలాల కింద, ఖండపు తీరపు అడుగున ఉన్న ఖనిజాలన్నీ కేంద్రానివే. కాబట్టి రాయల్టీ, లాభంలో వాటా రెండూ ఢిల్లీకే వెళతాయి. కేంద్రానికి వెళ్లాక పన్నుల పంపకంలో తిరిగి వస్తుందిలే అనుకుంటే అదీ పొరపాటే. రాయల్టీ పన్నుల కింద రాదు, రాష్ట్రాలకు పంచే మొత్తంలో కలవదు. గ్యాస్ ఇంకా జీఎస్టీలో చేరలేదు కాబట్టి రాష్ట్రంలో జరిగిన అమ్మకాల మీద వ్యాట్ దక్కుతుంది. రేవు పనులు, గోదాములు, సరఫరా నౌకలు, క్యాటరింగు, రవాణా వల్ల కాకినాడలో కొంత ఉపాధి వచ్చింది. అంతకు మించి ఊహించుకోవద్దు. తీసిన గ్యాస్‌లో ఎక్కువ భాగం దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టంలో గుజరాత్‌లోని భరూచ్ దాకా వెళ్లేలా మొదటి నుంచే ఏర్పాటైంది.

ఇది ఇలాగే ఉండాలని రూలేమీ లేదు. అమెరికాలో కూడా సముద్ర గర్భం ఫెడరల్ ప్రభుత్వానిదే. అయినా 2006లో చేసిన చట్టంతో మెక్సికో సింధుశాఖ ఒడ్డునున్న నాలుగు రాష్ట్రాలకు అర్హత గల లీజుల ఆదాయంలో 37.5 శాతం ఇస్తున్నారు. తీరం కోత, తుఫాను రక్షణ లాంటి పనులకే దాన్ని వాడాలన్న షరతు కూడా పెట్టారు. ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డును ఏటా తినేస్తుంటే చూస్తున్న మనకు ఇంతకంటే సూటి వాదన మరొకటి దొరకదు. మన ప్రజాప్రతినిధులు అడగాల్సింది ఇదీ. ఏదో ఒక ఊరికి ఒక కమ్యూనిటీ హాలు కట్టించమని సంస్థలను బతిమాలడం కాదు.

నష్టం లెక్క మాత్రం ముందుగా మత్స్యకారుల దగ్గరే మొదలవుతుంది. ప్రతి ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్ల మేర వేటకు వెళ్లకూడదు. దానికి తోడు గొట్టాలు వేసే నెలలు, సర్వే నౌక మైళ్ల పొడవు తీగలు లాగుతూ తిరిగే రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం. మిగిలిన పది నెలల్లో కొన్ని ఈ పనులకు పోతే కుటుంబం అప్పుల్లో పడుతుంది. 2012-13లో ముమ్మిడివరం వైపు జరిగిన తవ్వకాలకు రావలసిన పరిహారంలో రూ.78 కోట్లు 16,500కు పైగా కుటుంబాలకు అందింది 2019 నవంబరులో. ఆ మధ్యలో ఎంతమంది వలలు, పడవలు అమ్ముకున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. ఓఎన్‌జీసీ పైపులైను పనులకు 2022లో 23,458 కుటుంబాలకు నెలకు రూ.11,500 చొప్పున నాలుగు నెలలకు ఇచ్చారు. అది కాస్త త్వరగా జరిగింది, నెలవారీ లెక్క కూడా స్పష్టంగా ఉంది. పని మొదలయ్యే ముందే ఈ సొమ్మును ఒక ఖాతాలో జమచేయించాలని నేను గట్టిగా నమ్ముతాను. సంస్థకు రిగ్గు అద్దె రోజుకు కోట్లలో ఉంటుంది, ఈ మొత్తం దానికి బరువు కాదు.

ఇప్పుడు భద్రత. అసలు బావిలో ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. తవ్వేటప్పుడు బావి నిండా మడ్ అనే బరువైన ద్రవం ఉంటుంది. దాని బరువు రాతిలోని పీడనం కంటే కాస్త ఎక్కువగా ఉండాలి. తక్కువైతే గ్యాస్ బావిలోకి చొరబడుతుంది, దాన్ని కిక్ అంటాం. మరీ ఎక్కువైతే రాయి చీలి మడ్ అందులోకి పోతుంది, బావిలో మట్టం దిగిపోతుంది, అప్పుడూ గ్యాస్ పైకి వస్తుంది. లోతు సముద్రంలో ఈ రెండు హద్దుల మధ్య సందు చాలా సన్నం. కిక్‌ను కనిపెట్టే గుర్తులు సాదాసీదావి. ట్యాంకులో మడ్ మట్టం పెరుగుతుంది. పంపులు ఆపేసినా బావి నుంచి మడ్ వస్తూనే ఉంటుంది. అది చూసిన డ్రిల్లర్ ఎవరినీ అడగకుండా బీఓపీ మూసేయాలి. బావి తల మీద ఉండే ఆ వాల్వుల దొంతరను మూశాకే పైవాడికి ఫోన్ చేయాలి. మంచి రిగ్గు మీద ఈ క్రమం తారుమారు కాదు. పొరపాటున మూసిన డ్రిల్లర్‌ను ఒక్క మాట కూడా అనని మేనేజర్ల దగ్గర పనిచేశాను, ఆ రిగ్గుల మీద నాకు నిశ్చింతగా నిద్రపట్టేది.

మెక్సికో సింధుశాఖలో 2010 ఏప్రిల్ 20న మకాండో బావి పేలింది. దాన్ని ఒక యంత్రం వైఫల్యంగా చెబుతారు. బీఓపీ పైపును తెగ్గొట్టలేకపోయిన మాట నిజమే. కానీ అంతకు కొన్ని గంటల ముందు బావి తనంతట తాను చెప్పేసింది. అడుగున వేసిన సిమెంటు గట్టిగా నిలిచిందో లేదో చూడడానికి లోపలి పీడనాన్ని కావాలని తగ్గించి చూసే పరీక్ష ఒకటి ఉంటుంది. పీడనం సున్నా దగ్గర నిలవాలి. డ్రిల్ పైపులో చదరపు అంగుళానికి 1,400 పౌండ్లు చూపించింది. పక్కనున్న సన్నని కిల్ లైనులో మాత్రం ప్రవాహం లేదు. రెండూ ఒకే బావికి తగిలించినవి, కాబట్టి ఒకేలా ఉండాలి. తేడా ఎందుకొచ్చిందో తేలేదాకా ఆగాల్సింది పోయి, ఏదో ఒక వివరణ చెప్పుకుని, పరీక్ష నెగ్గిందని రాసుకుని, మడ్ తీసేసి సముద్రపు నీరు నింపడం మొదలుపెట్టారు. అప్పటికి పని ఆరు వారాలు ఆలస్యమైంది, ఖర్చు అంచనా కంటే 5.8 కోట్ల డాలర్లు ఎక్కువైంది. ఏడేళ్లుగా పని రోజు పోగొట్టే ప్రమాదమే లేదని అభినందించడానికి పెద్ద అధికారులు ఆ రోజే రిగ్గు మీదకు వచ్చి ఉన్నారు. 11 మంది చనిపోయారు. 87 రోజుల పాటు చమురు కారింది. "మా దగ్గర ఇన్ని రోజులుగా ప్రమాదం లేదు" అన్న బోర్డు చూసి ఏ రిగ్గునూ నమ్మవద్దని మీ తమ్ముడికి చెప్పండి. మెట్ల మీద జారిపడకుండా చూడటం వేరు, బావిని అదుపులో ఉంచడం వేరు.

మన దేశంలో నన్ను ఎక్కువగా కలచివేసేది 2005 జులై 27 నాటి బాంబే హై నార్త్ ప్రమాదం. దానికి మొదలు తెగిన వేలు. దగ్గరలో పనిచేస్తున్న సముద్ర సురక్ష అనే నౌకలో వంటమనిషికి వేళ్లు తెగాయి. ముందు రోజే ముంబయిని ముంచేసిన వాన, హెలికాప్టర్లు ఎగరడం లేదు. అతన్ని క్రేను బుట్టలో ప్లాట్‌ఫారం మీదకు చేర్చాలని నౌకను దగ్గరికి తెచ్చారు. గాలి చాటు వైపు క్రేను పనిచేయడం లేదు కాబట్టి గాలి వీచే వైపు నుంచే తెచ్చారు. నౌకను కదలకుండా ఒకచోట నిలిపే థ్రస్టరు యంత్రానికి అప్పటికే ఇబ్బంది ఉంది. వంటమనిషిని పైకి చేర్చాక ఒక పెద్ద అల వచ్చి నౌక హెలిడెక్కును (హెలికాప్టరు దిగే వేదికను) గ్యాస్ రైజర్‌కు, అంటే సముద్రపు అడుగుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య నిలువుగా ఉండే గొట్టానికి, కొట్టింది. ఆ గొట్టాలు నౌకలు ఆనే వైపే, బయటి వరుసలో ఉన్నాయి. సముద్రపు అడుగున వాటిని మూసే వాల్వులు లేవు, కాబట్టి కిలోమీటర్ల పొడవు లైనులో ఉన్న గ్యాస్ అంతా ఆ మంటకే వచ్చింది. ఎనిమిది లైఫ్‌బోట్లలో రెండే నీళ్లలోకి దిగాయి. రెండు గంటల్లో ప్లాట్‌ఫారం కుప్పకూలింది. 384 మందిలో 362 మందిని కాపాడారు, 22 మంది పోయారు. అంత మందిని రక్షించిన నౌకాదళం, తీరరక్షక దళం, చుట్టుపక్కల పడవల వాళ్లకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. కానీ గొట్టాలను ఆ వైపు పెట్టిన రోజున డ్రాయింగు మీద సంతకం చేసినవాళ్లను ఆపగల మనిషి బయట ఎవరూ లేరన్నది నా బాధ.

నియంత్రణ గురించి మీరు అడిగినదానికి జవాబు అక్కడే ఉంది. సముద్రంలో భద్రతకు ప్రత్యేకమైన నియమావళి మనకు ఆ తర్వాత, 2008లో వచ్చింది. దాని ప్రకారం పని మొదలుపెట్టే ముందు చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్, అంటే ఓఐఎస్‌డీ సమ్మతి తీసుకోవాలి. నేల మీది బావులను గనుల భద్రతా డైరెక్టరేట్ చూస్తుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి ఎగదన్ని రెండు నెలలకు పైగా మండింది అలాంటి నేల మీది బావే. బ్లాకులు, ఒప్పందాలు, ఉత్పత్తి లెక్కలు హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్ పని. చమురు సముద్రంలో ఒలికితే తీరరక్షక దళం రంగంలోకి దిగుతుంది. కాగితం మీద లోటేమీ లేదు. ఓఐఎస్‌డీలో నాకు తెలిసిన ఇంజనీర్లు సమర్థులు, నిజాయితీపరులు. చిక్కల్లా ఆ సంస్థ పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింద ఉండటంలో ఉంది. ఉత్పత్తి పెంచాలని రోజూ ఒత్తిడి చేసేదీ, ఓఎన్‌జీసీకి యజమానీ ఆ శాఖే. ఆపమనాల్సినవాడూ త్వరగా కానివ్వమనేవాడూ ఒకే గదిలో కూర్చున్నారు.

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. 1988 జులై 6న బ్రిటన్ ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా కాలిపోయి 167 మంది చనిపోయారు. మరమ్మతు కోసం సేఫ్టీ వాల్వు తీసేసిన పంపును, ఆ సంగతి తెలియని రాత్రి షిఫ్టు వాళ్లు నడిపారు. విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ 106 సిఫార్సులు చేశారు. వాటిలో ముఖ్యమైనది, ఉత్పత్తి చూసే ఇంధన శాఖ నుంచి భద్రతను తప్పించి వేరే సంస్థకు అప్పగించడం. బ్రిటన్ ఆ పని చేసింది. అమెరికా మాత్రం మకాండో దాకా ఆగి, లీజులు ఇచ్చి డబ్బు వసూలు చేసే సంస్థే తనిఖీ కూడా చేయడం తప్పని అప్పుడు గ్రహించి దాన్ని మూడు ముక్కలు చేసింది. మనం ఇంకా ఆ పని చేయలేదు. పైగా 2020 జనవరిలో అన్వేషణ బావులను పర్యావరణ అనుమతుల్లో కింది వర్గానికి మార్చారు. దాంతో వాటికి ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా పోయింది. ఉత్పత్తి దశకు ఇంకా అవసరమే. కానీ తీరంలో గొడవలు ఎక్కువగా మొదలయ్యేది అన్వేషణ దశలోనే. నేను తవ్వకాలకు వ్యతిరేకిని కాను. జీవితమంతా ఆ పనే చేశాను, దాని మీద గౌరవం ఉంది. అందుకే దాన్ని తనిఖీ చేసేవారు ఎవరి దయమీదా ఆధారపడకూడదని అంటున్నాను.

ఇక మీ తమ్ముడి విషయం. పంపించండి, కానీ నాలుగు సంగతులు తేల్చుకున్నాకే. మొదటిది, అతను ఉండేది ఎక్కడ: రిగ్గా, ప్లాట్‌ఫారమా, బార్జా? చాలామంది ఇది అడగరు. 2021 మే 17న తౌక్టే తుఫానులో మునిగిన పీ-305 వసతి బార్జి మాత్రమే. అందులో 261 మంది ఉన్నారు, దాదాపు అందరూ కాంట్రాక్టు పనివాళ్లు. తుఫాను హెచ్చరికలు రోజుల ముందే వచ్చినా బార్జిని రేవుకు చేర్చలేదు. లంగరు తాళ్లు తెగి, ప్లాట్‌ఫారానికి కొట్టుకుని మునిగింది. దానితో పాటు వరప్రద టగ్గును కూడా కలిపితే 86 మంది చనిపోయారు. సొంత ఇంజను లేని బార్జి మీద పంపుతున్నారంటే, తుఫాను వస్తే ఎన్ని గంటల ముందు, ఏ టగ్గుతో, ఏ రేవుకు లాగుతారో రాతపూర్వకంగా అడగమనండి. చెప్పలేకపోతే వెళ్లనక్కరలేదు.

రెండోది, హెలికాప్టరు నీళ్లలో పడితే బయటపడే శిక్షణ, ప్రాణరక్షణ శిక్షణ సంస్థ ఖర్చుతో ఇప్పిస్తుందా? ఆ సర్టిఫికెట్లు డబ్బిచ్చి తెచ్చుకోమనే ఏజెంట్లు ఉన్నారు. అలా తెచ్చుకున్న కాగితం సముద్రంలో పనికిరాదు. ఆ శిక్షణలో తలకిందులైన క్యాబిన్‌లో, కళ్లకు ఏమీ కనబడని నీళ్లలో సీటు బెల్టు విప్పుకుని కిటికీ వెతుక్కోవాలి. చేతికి అలవాటు కావలసిన పని అది. మూడోది, బీమా ఎవరి పేరు మీద ఉంది, కాంట్రాక్టు సంస్థ కింద ఉన్న ఉపకాంట్రాక్టరు పేరు మీదా? ఆ పాలసీ కాపీ ఒకటి మీ ఇంట్లో ఉండాలి. నాలుగోది, వెళ్లిన మొదటి రోజే పని ఆపే కార్డు ఇస్తారు. ఎవరైనా, ఎంత కొత్తవాడైనా ప్రమాదం అనిపిస్తే పని ఆపవచ్చని దాని మీద రాసి ఉంటుంది. గత నెలలో ఆ కార్డును ఎవరు వాడారు, తర్వాత ఆ మనిషికి ఏమైంది అని తన గదిలోని పాతవాళ్లను అడగమనండి. వాళ్లు వెంటనే ఒక ఉదాహరణ చెబితే మంచి చోటికే వెళ్లాడన్నమాట. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, ఆ దఫా పూర్తిచేసి ఇంటికి వచ్చేయమనండి, వేరే రిగ్గు చూసుకోవచ్చు. మన వైపు తుఫానులు ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వీలైతే అతని మొదటి దఫా జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడేలా అడిగి చూడండి.